ఆకు ఒకటి

నాది రాతి చదువు కాదు, సున్నం చదువు.
గానుగలో మూడు వారాలు తిరిగిన సున్నం
వేలి మీద వెన్నలా నిలబడితే
ఆ రోజు గోడ నా మాట వింటుంది.

కార్వాన్ వెనక సందులో
పంక్చర్ షాపుకీ మేకల కొట్టానికీ నడుమ
పేరు లేని గోరీ.
లోపల ఎవరు పడుకున్నారో ఫైల్లో లేదు.
'కుతుబ్‌షాహీల కాలం' అని పెన్సిల్‌తో రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

నా పని, యాభై ఏండ్ల కింద ఎవరో మెత్తిన
సిమెంటు ఊడదీయడం.
సిమెంటు గోడకి ఊపిరాడనివ్వదు,
తడి లోపలే మురిగి ఉప్పై పూస్తుంది.
పళ్ళ డాక్టరు చేసే పనే, ఉలి మాత్రం కొంచెం పెద్దది.
తొమ్మిదో రోజు పిట్టగోడ కింద
గచ్చు తీగ బయటపడింది.

రెండు ఆకులు, మొగ్గ. రెండు ఆకులు, మొగ్గ.
దారం పట్టి, పరకారు తిప్పి
ఇరాను నుంచి తెచ్చుకున్న లెక్క.
పదిహేడో మెలిక దగ్గర లెక్క తప్పింది.
ఆకు మెడ వంచింది.

ఆ చేతికి పేరు లేదు.
కూలీల చిట్టా ఏ చెదలు తిన్నదో!
నేనే పెట్టుకున్నాను: ఎర్రోజు.
మా తాతకు తాత పేరట, ఊరికే పోవడమెందుకని.

ఎర్రోజు తండ్రి ఓరుగల్లు దిక్కున
గుడి అధిష్ఠానానికి హంసల వరస చెక్కేవాడు.
సొమ్మిచ్చే దొర యుద్ధంలో కూలితే
గుడి నడుం దాకా వచ్చి ఆగిపోయింది.
ముప్పై మూడో హంసకి ఇంకా మెడ రాలేదు.
ఉలి కొడుకు చేతిలో పెట్టి
"మూసీ ఒడ్డున కొత్త పట్నం లేస్తోందట, పో" అన్నాడు.

ఇక్కడ రాయి తక్కువ, గచ్చు ఎక్కువ.
ఉలి తీసేస్తుంది, తాపీ పెడుతుంది.
తీసేసే చేతికి పెట్టడం రావడానికి
మూడు వానాకాలాలు పట్టి ఉంటుంది.
కరక్కాయ నీళ్ళు, బెల్లం, మారేడు గుజ్జు, మినప్పిండి...
"ఇది గోడా, పిండివంటా?" అని
మొదటి రోజు నవ్వుకునే ఉంటాడు.

పై మేస్త్రి ఇస్ఫహాన్ నుంచి వచ్చినవాడు.
ఆయనకీ నేనే పేరు పెట్టాలి కదా, మీర్ తాహెర్.
ఒకరి మాట ఒకరికి రాదు.
నడుమ దారం, తూకపు గుండు,
నేల మీద బొగ్గు గీత.
ప్రాణమున్నవి వద్దన్నది మాత్రం
మొదటి రోజే తెలిసిపోయింది:
కంటి మీద వేలు పెట్టి, అడ్డంగా ఊపాడు.

పదిహేడో మెలిక ఆరకముందే
ఉస్తాద్ పరంజా ఎక్కాడు.
అప్పటికి ఆయనకి నాలుగు ముక్కలు వచ్చు,
అన్నం, నీళ్ళు, సున్నం, రేపు.
"ఏమిది?"
"ఆకు."
"ఆకు," ఆయనా అన్నాడు,
ఐదో మాట నేర్చుకుంటున్నట్టు.
కాసేపాగి,
"ఆకుకి కన్ను?"

ఆ తర్వాత ఏమైందో నేనెరగను.
భూతద్దం కింద కనబడినంతే చెప్పగలను.
తీగంతా ఇసుక కలిపిన గచ్చు.
కంట్లో సున్నం వేరు.
గవ్వలు కాల్చి, కోడిగుడ్డు తెల్లసొనతో నూరిన
పట్టులాంటి సున్నం,
లోపలి గదుల మెరుగుకి తప్ప బయటికి తీయనిది,
ఉస్తాద్ సంచిలో తప్ప దొరకనిది.
సుత్తికైతే ఒక్క దెబ్బ పని.
ఆయన చిటికెన వేలి గోటితో
రెప్ప గీసి మరీ మూశాడు.

ఇంజినీరు మేడం ఫోటోలు తీసుకుంది.
"తెరిచి చూద్దామా? సూది చాలు."
చాయ్ పట్టుకుని నిచ్చెనెక్కిన
పంక్చర్ షాపు పిల్లగాడు
"బతఖ్ హై క్యా అన్నా?" అన్నాడు.

సూది అందుకున్నాను.
గాలికి సున్నం పొడి లేచి
నా కన్నే మూతపడింది ముందు.
తుడుచుకుని, సూది డబ్బాలో పెట్టేశాను.
నాకు కూలి చదరపు అడుగు లెక్క,
కంటికి రేటు రాయలేదు ఎవరూ.

సాయంత్రం రిజిస్టర్ తెరిస్తే గళ్ళు అడిగాయి,
మెలిక? పదిహేడు.
స్థితి? బాగుంది.
అలంకారం?
పెన్ను కాసేపు ఆగింది.
రాశాను:
ఆకు, ఒకటి.